55 అంగుళాల టీవీ: ఆటలకు 60, 120, 144 హెర్ట్జ్‌లలో ఏది తీసుకోవాలి?

మారతహళ్లి వాసి (శుక్రవారం, రాత్రి 10:15)

అందరికీ నమస్కారం. ఇంట్లోకి 55 అంగుళాల టీవీ కొనాలని అనుకుంటున్నాం. తమ్ముడి దగ్గర ప్లేస్టేషన్ 5 ఉంది. ఇద్దరం కలిస్తే ఫుట్‌బాల్, కారు పందేలు ఆడతాం. సెలవు రోజుల్లో పెద్ద కథల ఆటలు. వాడు ఒక్కడే ఉన్నప్పుడు ఫోర్ట్‌నైట్, కాల్ ఆఫ్ డ్యూటీ. పగలంతా టీవీ అమ్మానాన్నలదే, సీరియళ్లు, వార్తలు, క్రికెట్. అద్దె ఇల్లు కావడంతో గోడకు రంధ్రాలు వేయడానికి యజమాని ఒప్పుకోరు, బల్ల మీదే పెట్టాలి. సోఫాకు, టీవీకి మధ్య ఏడడుగులు ఉంటుంది.

బడ్జెట్ 65,000 రూపాయలు. తప్పదంటే ఇంకో పది వేలు కలుపుతాను. ఈ సాయంత్రం బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక దుకాణానికి వెళ్తే మూడు టీవీలు చూపించారు. ఒకదాని పెట్టె మీద 'మోషన్ రేట్ 120' అని ఉంది. రెండోదాని మీద '120 హెర్ట్జ్ డీఎల్‌జీ' అని ఉంది. మూడోదాని మీద '144 హెర్ట్జ్' అని ఉంది. మొదటిదానికీ మూడోదానికీ ధరలో దాదాపు ముప్పై వేల తేడా. సేల్స్‌మన్ అనంతపురం అబ్బాయే, తెలుగులో చక్కగా మాట్లాడాడు. కానీ తేడా ఏమిటని అడిగితే 'అన్నీ 120 పైనే సార్' అన్నాడు తప్ప అంతకు మించి చెప్పలేకపోయాడు. ఈ మూడు అంకెల అర్థం తెలిసినవారు చెప్పగలరా?

ప్యానెల్ పరిశీలకుడు (శుక్రవారం, రాత్రి 11:02)

మంచి సమయంలో అడిగారు. కొనకముందే తేల్చుకోవలసిన విషయం ఇది. మూడూ మూడు వేర్వేరు సంగతులు.

రిఫ్రెష్ రేటు అంటే ప్యానెల్ సెకనుకు ఎన్నిసార్లు కొత్త బొమ్మను చూపించగలదన్న లెక్క. 60 హెర్ట్జ్ తెర మీద ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది. 120 మీద 8.3 మిల్లీసెకన్లు. ఇది గాజు వెనక ఉన్న ప్యానెల్ గుణం. సాఫ్ట్‌వేర్‌తో వచ్చేది కాదు, తర్వాత అప్‌డేట్‌తో పెరిగేదీ కాదు.

మొదటి టీవీ మీద ఉన్న 'మోషన్ రేట్' అనేది కంపెనీ పెట్టుకున్న కొలమానం. అలాంటి పేర్ల వెనక తరచుగా 60 హెర్ట్జ్ ప్యానెలే ఉంటుంది. రెండు అసలు ఫ్రేముల మధ్య టీవీ తానే ఒక ఫ్రేమును ఊహించి గీసి చేర్చడం, వెనక దీపాన్ని ఆర్పి వెలిగించడం లాంటి పద్ధతులన్నీ లెక్కలోకి తీసుకుని పెద్ద అంకె వేస్తారు. ఫ్రేములు చేర్చే ఈ పద్ధతినే పెట్టెల మీద ఎంఈఎంసీ అని రాస్తుంటారు. సినిమాకు, క్రికెట్‌కు ఇష్టమైతే వాడుకోవచ్చు. ఆటకు మాత్రం చేటు చేస్తుంది. మధ్య ఫ్రేము గీయాలంటే టీవీ దగ్గర తర్వాతి ఫ్రేము కూడా ఉండాలి, అంటే అది వచ్చేదాకా మీకు ఏమీ చూపించకుండా ఆగాలి. మీరు బటన్ నొక్కడానికీ తెర మీద కదలిక కనిపించడానికీ మధ్య ఆ ఆలస్యమంతా వచ్చి చేరుతుంది.

రెండోది డీఎల్‌జీ, అంటే డ్యుయల్ లైన్ గేట్. ఇదీ 4కె 60 హెర్ట్జ్ ప్యానెలే. కానీ రెండేసి వరుసలను ఒకేసారి నడిపిస్తే సెకనుకు 120 సార్లు తెరను నింపగలదు. ఫ్రేములు నిజంగానే 120 వస్తాయి, ఊహించి గీసినవి కావు. బదులుగా నిలువు స్పష్టత సగానికి పడిపోతుంది. తక్కువ ధరలో ఫోర్ట్‌నైట్ ఆడే పిల్లలకు ఇది పనికొచ్చే ఏర్పాటే, దాన్ని మోసం అనను. కానీ 4కె, 120 రెండూ ఒకేసారి రావన్న సంగతి పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండదు.

మూడోది చాలా వరకు అసలైన ప్యానెలే అయి ఉండాలి. అయినా వివరాల పట్టికలో 'నేటివ్ రిఫ్రెష్ రేట్' అన్న వరుస చూడండి. దుకాణంలో తగిలించిన కాగితంలో కాదు, కంపెనీ సైటులో, మీరు కొనే 55 అంగుళాల మోడల్ సంఖ్య కొట్టి. ఒకే పేరుతో అమ్మే వరుసలో 43, 50 అంగుళాల వాటికి 60 హెర్ట్జ్ ప్యానెల్, 55 నుంచి 120 ప్యానెల్ ఉండే సందర్భాలు ఉన్నాయి. ప్రకటనలో మాత్రం పెద్దదాని అంకే వేస్తారు.

పొదుపరి (శుక్రవారం, రాత్రి 11:20)

నేను ఒప్పుకోను. ఆయన ఆడే ఆటల జాబితా మళ్లీ చదవండి. ఫుట్‌బాల్ 60 ఫ్రేములు. కథల ఆటల్లో చాలావాటికి రెండే దారులు, బొమ్మ అందంగా ఉంటే 30, వేగంగా ఉంటే 60. 120 ఇచ్చేది పోటీ ఆటలే, అవి ఇంట్లో తమ్ముడు ఒక్కడే ఆడతాడు. అరవై ఫ్రేములు పంపే ఆటను 120 తెర మీద ఆడితే ప్రతి ఫ్రేమూ రెండుసార్లు కనిపిస్తుంది, అంతే. దానికి ముప్పై వేలు ఎందుకు?

బాగా వెలుగునిచ్చే మంచి 60 హెర్ట్జ్ టీవీ తీసుకుని, మిగిలిన డబ్బుతో సౌండ్‌బార్ కొనండి. అమ్మానాన్నలకు వినిపించే మాట ముఖ్యం. ఈ టీవీల లోపలి స్పీకర్లలో సీరియల్ మాటలు సగం అర్థం కావు.

పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. పాత ధర మీదే 'తగ్గింపు' బోర్డు పెట్టారేమో చూసుకుని బేరం చేయండి.

రాత్రి ఆటగాడు (శుక్రవారం, రాత్రి 11:48)

పొదుపరి గారూ, మీరు 120 ఫ్రేముల్లో ఒక వారం ఆడి ఆ తర్వాత మళ్లీ 60కి వచ్చి చూడండి. కాల్ ఆఫ్ డ్యూటీలో చటుక్కున వెనక్కి తిరిగినప్పుడు తేడా కంటికి కనిపిస్తుంది. 60లో గోడ, కిటికీ, కిటికీలో మనిషి అన్నీ ఒక చారలా కలిసిపోతాయి. 120లో తిరుగుతుండగానే కిటికీలో మనిషి ఉన్నాడని తెలుస్తుంది. చేతికి కూడా తెలుస్తుంది, కంట్రోలర్ మీది చిన్న కర్ర కదిలించిన క్షణంలోనే గురి కదులుతుంది.

తమ్ముడి కోసం అడుగుతున్నారు కాబట్టి తమ్ముడి తరఫున నా ఓటు 120కి.

ప్యానెల్ పరిశీలకుడు (శనివారం, ఉదయం 7:30)

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. కానీ పొదుపరి గారి లెక్కలో ఒకటి తప్పిపోయింది, 40 ఫ్రేముల ఆటలు.

60 హెర్ట్జ్ తెరను 40తో భాగిస్తే పూర్ణసంఖ్య రాదు. అందుకే ఆ తెరల మీద కొన్ని ఫ్రేములు ఒకసారి, కొన్ని రెండుసార్లు చూపించవలసి వచ్చి కదలిక కుదుపులుగా కనిపిస్తుంది. 120ని 40తో భాగిస్తే సరిగ్గా మూడు. ప్రతి ఫ్రేమూ మూడుసార్లు, 25 మిల్లీసెకన్లు నిలుస్తుంది. 30 ఫ్రేములకు 33.3, 60కి 16.7 మిల్లీసెకన్లు కదా, 25 సరిగ్గా వాటి నడుమ ఉంది. అంటే 40 ఫ్రేములు కాలం లెక్కలో 30కీ 60కీ సగం దూరంలో ఉన్నాయి. చూడటానికి పది ఫ్రేములే ఎక్కువ అనిపిస్తుంది, ఆడితే 60 వైపు సగం దారి నడిచేసినట్టే.

2021లో రాచెట్ అండ్ క్లాంక్: రిఫ్ట్ అపార్ట్‌కు ఈ 40 ఫ్రేముల పద్ధతి అప్‌డేట్‌గా వచ్చింది. తర్వాత మరికొన్ని పెద్ద కథల ఆటలు అదే దారి పట్టాయి. బొమ్మ నాణ్యత దాదాపు 30 ఫ్రేముల నాటిదే, చేతికి చురుకు మాత్రం చాలా ఎక్కువ. టీవీ 120 హెర్ట్జ్‌ది కాకపోతే చాలా ఆటల్లో ఆ ఎంపిక మెనూలోనే కనిపించదు. కాబట్టి 120 ప్యానెల్ పోటీ ఆటలవాళ్ల సొత్తు అనుకోవద్దు. నా మటుకు నాకు, నెమ్మదిగా ఆడే కథల ఆటలకే అది ఎక్కువ మేలు చేసింది.

రెండోది వీఆర్‌ఆర్, అంటే వేరియబుల్ రిఫ్రెష్ రేట్. ఆట 60 అని చెప్పినా పేలుళ్లు, వాన, జనం ఉన్నచోట 52కో 55కో పడిపోతుంది. మామూలు టీవీ తన 60 లయలోనే పోతుంది కాబట్టి అక్కడ కుదుపు, లేదా బొమ్మ అడ్డంగా చీలడం కనిపిస్తాయి. వీఆర్‌ఆర్ ఉంటే ఆట ఫ్రేము సిద్ధం చేసిన క్షణానే టీవీ చూపిస్తుంది. ప్లేస్టేషన్ 5కు ఇది 2022 ఏప్రిల్‌లో అప్‌డేట్‌గా వచ్చింది, 48 నుంచి 120 హెర్ట్జ్ మధ్య పనిచేస్తుంది. 60 హెర్ట్జ్ టీవీకి ఆ పరిధిలో మిగిలేది 48 నుంచి 60 దాకా ఒక చిన్న ముక్క.

సినిమాలకూ ఉపయోగం ఉంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. 120లో 24 అయిదుసార్లు సరిగ్గా పడుతుంది. 60లో పట్టదు, ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతది మూడుసార్లు చూపించాలి. కెమెరా పొలాల మీదుగా నెమ్మదిగా జరుగుతుంటే బొమ్మ తడబడుతున్నట్టు కనిపించేది అందుకే. మన టీవీ ప్రసారాలు 50 లెక్కలో వస్తాయి, వాటికి టీవీ తన లయను 50కో 100కో మార్చుకుంటుంది. కాబట్టి అమ్మానాన్నల క్రికెట్‌కు ఏ ఇబ్బందీ లేదు.

పొదుపరి (శనివారం, ఉదయం 8:05)

40 ఫ్రేముల లెక్క నాకు తెలియదు, అది మంచి కారణమే. అయినా 144 కోసం డబ్బు పెట్టవద్దన్న మాట మీదే ఉన్నాను.

ప్యానెల్ పరిశీలకుడు (శనివారం, ఉదయం 8:11)

అందులో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. ప్లేస్టేషన్ 5 గానీ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ గానీ 120 దాటి పంపవు. 144 అనే అంకె కంప్యూటరు తగిలించేవారికే. ఈ మధ్య చాలా కొత్త ప్యానెళ్లు 144తోనే వస్తున్నాయి కాబట్టి మంచి టీవీలో అది ఉంటే వద్దనక్కరలేదు. ఆ అంకె కోసం మాత్రం అదనంగా ఇవ్వవద్దు.

వైట్‌ఫీల్డ్ అమ్మ (శనివారం, ఉదయం 10:40)

మా ఇద్దరు పిల్లలూ ఆడతారు, మా అత్తగారు భక్తి ఛానళ్లు చూస్తారు, అందువల్ల మీ ఇంటి పరిస్థితి నాకు బాగా తెలుసు. అంకెల సంగతి పైవారు చెప్పారు, నేను టీవీ వెనక వైపు గురించి చెబుతాను.

హెచ్‌డీఎంఐ రంధ్రాలు నాలుగు ఉన్నా, 4కె 120 తీసుకునేవి చాలా టీవీల్లో రెండే. ఆ రెండింటిలో ఒకటి ఈఆర్క్ రంధ్రం, అంటే సౌండ్‌బార్ తగిలించవలసింది కూడా అదే. సౌండ్‌బార్ పెట్టగానే ఆటలకు మిగిలేది ఒక్కటే రంధ్రం. మీకు ఒక్క ప్లేస్టేషనే అయితే సరిపోతుంది. రేపు ఎక్స్‌బాక్సో కంప్యూటరో తెస్తే మార్చి మార్చి పెట్టాలి. బల్లను గోడకు ఆనించిపెట్టే ఇళ్లలో ఆ వెనక చెయ్యి దూర్చడం పెద్ద పని. కొనేముందు రంధ్రాల పక్కన ఉన్న చిన్న అక్షరాలు చూడండి, చాలా కంపెనీలు '4కె 120' అని ఆ రంధ్రం పక్కనే ముద్రిస్తాయి.

ఇంకో మాట. గేమ్ మోడ్, అంటే బొమ్మకు మెరుగులు దిద్దడం తగ్గించి ఆలస్యాన్ని తగ్గించే సెట్టింగు, ఆ ఒక్క రంధ్రానికే ఉండేలా పెట్టుకోండి. మా ఇంట్లో పిల్లలు ఆడి లేచాక అదే మోడ్‌లో సెట్‌టాప్ బాక్సు నడిస్తే అత్తగారికి మనుషుల ముఖాలు పాలిపోయినట్టు కనిపించేవి. ఏఎల్ఎల్ఎం ఉన్న టీవీ అయితే ఆట మొదలవగానే తానే గేమ్ మోడ్‌లోకి వెళ్తుంది, ఆట ఆపితే వెనక్కి వస్తుంది. ఇంటిల్లిపాదీ ఒకే టీవీ వాడే చోట నేను మొదట అడిగేది దీని గురించే.

మారతహళ్లి వాసి (శనివారం, ఉదయం 11:15)

అమ్మగారూ, రంధ్రాల సంగతి అసలు నా ఆలోచనలోనే లేదు. ధన్యవాదాలు. మూడో టీవీ మీద 'హెచ్‌డీఎంఐ 2.1' అని ఉంది. అది ఉంటే 4కె 120 ఉన్నట్టే కదా?

పెరంబూర్ పీసీ (శనివారం, మధ్యాహ్నం 12:30)

చెన్నై నుంచి. ఉన్నట్టే అని అనుకోవద్దు.

పాత 2.0 రంధ్రం సెకనుకు 18 గిగాబిట్ల వరకే మోస్తుంది. 4కె 60తోనే అది దాదాపు నిండిపోతుంది. 2.1 ప్రమాణం 2017 నవంబరులో వచ్చింది, గరిష్ఠంగా 48 గిగాబిట్లు. కానీ ఆ ప్రమాణంలో 4కె 120, వీఆర్‌ఆర్, ఏఎల్ఎల్ఎం అన్నీ ఐచ్ఛికాలే. వాటిలో ఏదో ఒకటి ఉన్నా కంపెనీ 2.1 అని రాసుకోవచ్చు. 60 హెర్ట్జ్ టీవీల మీద కూడా 2.1 అని కనిపించేది అందుకే. 2.1 అన్న మాట పక్కన పెట్టి, '4కె 120 తీసుకుంటుందా, వీఆర్‌ఆర్ ఉందా' అని విడివిడిగా అడగండి.

48 గిగాబిట్ల రంధ్రమే కావాలని ఎవరైనా బెదిరించినా వినవద్దు. ప్లేస్టేషన్ 5 పంపేదే 32 గిగాబిట్ల వరకు, సిరీస్ ఎక్స్ 40 వరకు. నాలాగా కంప్యూటరు తగిలించి చిన్న అక్షరాలు చదివేవారికే అంతకు మించి అవసరం. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుల్లో 30 వరుస నుంచి హెచ్‌డీఎంఐ 2.1 ఉంది, 20 వరుసలో 2.0యే. పాత కార్డు ఉన్నవారు 120 టీవీ కొన్నా, 1440పీలో 120 వస్తుంది కానీ 4కెలో పూర్తి రంగు వివరాలతో రాదు.

కేబుల్ విషయం. ప్లేస్టేషన్ పెట్టెలో వచ్చిన తీగే వాడండి, అది సరైనదే. పొడవైనది కావాలంటే 'అల్ట్రా హై స్పీడ్' అన్న ముద్ర, దాని మీద స్కాన్ చేసే గుర్తు ఉన్న పెట్టె చూసి కొనండి. మా రిచ్చీ స్ట్రీట్‌లోనూ మీ ఎస్.పి. రోడ్డులోనూ '8కె' అని బంగారు రంగు పూసిన తీగలు కుప్పలుగా దొరుకుతాయి. ఆ రంగుతో పని లేదు, ముద్రతోనే పని. మూడు మీటర్ల లోపు ఉంటే మంచిది. సరిపోని తీగతో 4కె 120 పెడితే తెర మీద తళుకులు, మధ్యమధ్య క్షణకాలం నల్లబడటం కనిపిస్తాయి. అప్పుడు టీవీని అనుమానించి సర్వీసు వాళ్లను పిలవడం కంటే ముందు తీగ మార్చి చూడాలి.

ఇక దుకాణంలో పరీక్షించే పద్ధతి. 30 వరుస లేదా తర్వాతి కార్డు, హెచ్‌డీఎంఐ 2.1 రంధ్రం ఉన్న ల్యాప్‌టాప్ స్నేహితుల దగ్గర ఉంటే పట్టుకెళ్లండి. తగిలించి విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్, అందులో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరవండి. రిజల్యూషన్ 3840 × 2160 ఉండగా రిఫ్రెష్ రేటు జాబితాలో 120 కనిపించాలి. 4కెలో 60 వరకే ఉండి, 1080పీకి దించితేనే 120 కనిపిస్తే అది డీఎల్‌జీ కావచ్చు, 2.0 రంధ్రమైనా కావచ్చు. ఏదైనా మీకు కావలసింది కాదు.

రాత్రి ఆటగాడు (శనివారం, మధ్యాహ్నం 1:05)

ఇంత వివరంగా ఎవరూ చెప్పరు. నాకూ పనికొచ్చింది.

నల్ల తెర (శనివారం, సాయంత్రం 4:20)

అందరూ రేటు గురించే మాట్లాడుతున్నారు. పిక్సెల్ ఎంత త్వరగా రంగు మారుతుందన్నది వేరే కొలత, అది ఎవరూ ఎత్తలేదు.

ఎల్‌సీడీల్లో, ముఖ్యంగా నలుపు బాగా వచ్చే వీఏ రకం ప్యానెళ్లలో, నలుపు నుంచి ముదురు బూడిదకు మారడానికి కొన్నిసార్లు ఒక ఫ్రేము కాలం కంటే ఎక్కువ పడుతుంది. అంటే 8.3 మిల్లీసెకన్లకు కొత్త ఫ్రేము వచ్చేసినా పాతది ఇంకా చెరగదు. గుహలు, రాత్రి వీధులు ఉన్న ఆటల్లో మనిషి కదిలితే వెనక నల్లటి మరక సాగుతుంది. పెట్టె మీద 120 నిజమే, కానీ కంటికి 120లా ఉండదు. ప్రతి పిక్సెలూ తానే వెలిగే ఓఎల్ఈడీ తెరలో పిక్సెల్ ఒక మిల్లీసెకను లోపే మారుతుంది. అందుకే ఒకే 120 హెర్ట్జ్ దగ్గర ఓఎల్ఈడీ బొమ్మ ఎక్కువ తేటగా ఉంటుంది. ఎల్‌జీ సీ వరుసలో నాలుగు రంధ్రాలూ 4కె 120 తీసుకుంటాయి, వైట్‌ఫీల్డ్ అమ్మ గారు చెప్పిన చిక్కు అక్కడ ఉండదు.

ఒక్క ఇబ్బంది. చీకటి దృశ్యాల్లో వీఆర్‌ఆర్ నడుస్తున్నప్పుడు ఫ్రేముల వేగం బాగా ఊగితే ముదురు రంగుల్లో చిన్న మిణుకు కనిపించవచ్చు. చాలా ఆటల్లో తెలియదు.

పొదుపరి (శనివారం, సాయంత్రం 4:41)

65,000లో 55 అంగుళాల కొత్త ఓఎల్ఈడీ ఎక్కడ దొరుకుతుంది? పైగా పగలంతా వార్తా ఛానల్ నడిచే ఇల్లు. కింద ఎర్ర పట్టీ, మూలన ఛానల్ గుర్తు ఎప్పుడూ అక్కడే ఉంటాయి. ఓఎల్ఈడీకి అవే శత్రువులు, కదలని బొమ్మలు తెర మీద మచ్చగా నిలిచిపోవచ్చు.

నల్ల తెర (శనివారం, సాయంత్రం 5:10)

ధర విషయంలో మీ మాట నిజం, ఈ బడ్జెట్‌కు అందదు. పట్టీల గురించి కూడా కాదనను, రోజూ గంటల తరబడి ఒకే ఛానల్ నడిచే ఇంటికి నేనే సిఫార్సు చేయను.

కొన్నవారి కోసం ఒక మాట రాసి పెడతాను. ఓఎల్ఈడీ టీవీ తన పిక్సెళ్లను సరిచేసుకునే పని రిమోట్‌తో ఆపాక, స్టాండ్‌బైలో ఉన్నప్పుడు చేసుకుంటుంది. మన ఇళ్లలో పెద్దలకు రాత్రి పడుకునే ముందు గోడ మీది స్విచ్ తీసేసే అలవాటు ఉంటుంది. రోజూ అలా తీసేస్తే ఆ పని ఎప్పటికీ జరగదు. మా నాన్నగారికి ఇది వివరించి, ఆ స్విచ్ మీద చిన్న కాగితం అంటించాను. ఊరెళ్లేటప్పుడు, ఉరుములు ఉన్నప్పుడు మాత్రం తీస్తారు.

వైట్‌ఫీల్డ్ అమ్మ (శనివారం, సాయంత్రం 5:32)

అది మా ఇంట్లో కూడా ఉన్న అలవాటే. ఈ రాత్రే చెబుతాను మా అత్తగారికి.

నిర్వాహకుడు (శనివారం, సాయంత్రం 6:00)

ఓఎల్ఈడీ, ఎల్‌సీడీ పోలికకు వేరే చర్చ ఉంది. ఇక్కడ మారతహళ్లి వాసి గారి మూడు టీవీల మీదే ఉందాం.

మారతహళ్లి వాసి (ఆదివారం, సాయంత్రం 6:45)

ఆఫీసు స్నేహితుడి ల్యాప్‌టాప్ పట్టుకుని మళ్లీ అదే దుకాణానికి వెళ్లాం. తమ్ముడు ప్లేస్టేషన్ కూడా సంచిలో పెట్టుకొచ్చాడు. అనంతపురం అబ్బాయి విసుక్కోకుండా మూడింటికీ తగిలించి చూడనిచ్చాడు.

మొదటిదాంట్లో ఏ రిజల్యూషన్ పెట్టినా 60 దాటలేదు. పెట్టె మీది 120 ఎక్కడా కనిపించలేదు. రెండోదాంట్లో పెరంబూర్ పీసీ గారు చెప్పినట్టే అయింది, 4కెలో 60, 1080పీకి దించగానే 120. ఆ 120లో డెస్క్‌టాప్ మీది అక్షరాల అంచులు మెట్లుమెట్లుగా కనిపించాయి. ఏడడుగుల దూరం నుంచి ఆట నడుస్తుంటే అంతగా తెలియలేదు, దగ్గరికి వెళ్తే తెలిసింది.

మూడోదాంట్లో మొదట 4కెలో 60యే చూపించింది. నేను నిరాశపడి తీగ తీసేయబోతుంటే తమ్ముడు సెట్టింగుల్లోకి వెళ్లి ఆ రంధ్రానికి 'ఎన్‌హాన్స్‌డ్' లాంటి ఎంపిక ఉందని కనిపెట్టాడు. అది పెట్టగానే 4కెలో 120, 144 రెండూ వచ్చాయి. తర్వాత ప్లేస్టేషన్ తగిలించి ఫోర్ట్‌నైట్‌లో 120 పెట్టి ఆడాడు. ఫోనులో నెమ్మది వీడియో కూడా తీశాం, 60లో ఒక చెట్టు తెర అటు నుంచి ఇటు గంతులు వేస్తున్నట్టు జరిగితే 120లో అదే చెట్టు జారుతున్నట్టు వెళ్లింది.

రంధ్రాలు చూశాను. రెండే, ఒకటి ఈఆర్క్. ప్రస్తుతానికి సౌండ్‌బార్ ఒకటి, ప్లేస్టేషన్ ఒకటి కాబట్టి సరిపోతుంది. ధర 71,000 చెప్పారు, బ్యాంకు కార్డు తగ్గింపుతో 68,500కి ఒప్పుకున్నారు. నల్ల తెర గారు చెప్పిన మరక కోసం చీకటి దృశ్యం ఒకటి పెట్టించి చూశాను. కొద్దిగా ఉంది. తమ్ముడికి అభ్యంతరం లేదు, నాకూ లేదు. దీన్నే తీసుకోవచ్చా? రేపు సాయంత్రం వరకు ఈ ధర ఉంచుతామన్నారు.

పొదుపరి (ఆదివారం, సాయంత్రం 7:02)

తీసుకోండి. మీరు స్వయంగా పరీక్షించి చూసుకున్నారు, అంకెను కాదు టీవీనే కొంటున్నారు. మొదటి టీవీ 120 పేరుతో కొని ఉంటే నాకు బాధ కలిగేది.

రాత్రి ఆటగాడు (ఆదివారం, సాయంత్రం 7:10)

తమ్ముడికి అభినందనలు. ఆ సెట్టింగు కనిపెట్టకపోతే మంచి టీవీని వదిలేసి వచ్చేవారు.

ప్యానెల్ పరిశీలకుడు (ఆదివారం, రాత్రి 8:25)

తీసుకోవచ్చు, మీ వాడకానికి సరైనదే. ఆ రంధ్రం సెట్టింగు గురించి అందరికీ తెలియాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు పాత పరికరాలకు ఇబ్బంది రాకుండా చాలా టీవీల్లో అది తక్కువలోనే ఉంటుంది. సోనీలో 'హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్' అని, శాంసంగ్‌లో 'ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్' అని, ఎల్‌జీలో 'హెచ్‌డీఎంఐ డీప్ కలర్' అని పేర్లు వేరు, పని ఒకటే. 120 టీవీ కొని నెలల తరబడి 60లో ఆడుతున్నవారిని చాలామందిని చూశాను, ఈ ఒక్కటీ మార్చకపోవడం వల్ల. అంత డబ్బు పెట్టిన మనిషికి ఆ సంగతి దుకాణంలోనే చెప్పాలి, ఎవరూ చెప్పరు.

ఇంటికి వచ్చాక ప్లేస్టేషన్ వైపు కూడా కొన్ని చూడాలి. 'స్క్రీన్ అండ్ వీడియో'లో వీఆర్‌ఆర్, 120 హెర్ట్జ్ అవుట్‌పుట్ రెండూ ఆటోమేటిక్‌లో ఉండాలి. గేమ్ ప్రీసెట్స్‌లో 'పెర్‌ఫార్మెన్స్ మోడ్' పెడితే, దాన్ని పాటించే ఆటలు తమంతట తామే వేగం వైపు మొగ్గుతాయి. ఫోర్ట్‌నైట్ లాంటి వాటిలో ఆట లోపలి మెనూలో కూడా 120 విడిగా పెట్టాలి. టీవీలో గేమ్ మోడ్ ఉండగా ఫ్రేములు చేర్చే పద్ధతి పూర్తిగా ఆగిందో లేదో చూడండి, కొన్ని టీవీల్లో అది గేమ్ మోడ్‌లో కూడా ఒక మెట్టు మిగిలి ఉంటుంది. గేమ్ మోడ్ పెట్టాకే హెచ్‌డీఆర్ (వెలుగు చీకట్ల తేడాను ఎక్కువగా చూపే పద్ధతి) సర్దుబాటు చేయండి, మోడ్ మారితే వెలుగు లెక్కలు మారిపోతాయి.

మారతహళ్లి వాసి (సోమవారం, రాత్రి 9:30)

డబ్బు కట్టేశాను. బుధవారం ఇంటికి తెస్తామన్నారు, బిగించే మనిషి గురువారం వస్తాడట. పెట్టె మేమే విప్పి చూసుకోవచ్చా?

వైట్‌ఫీల్డ్ అమ్మ (సోమవారం, రాత్రి 9:44)

విప్పకండి. కంపెనీ మనిషి ముందు విప్పితేనే గాజు పగిలిందనో గీత పడిందనో అన్నప్పుడు మాట్లాడరు. అతను వెళ్లేలోపు తెర మీద ఒకసారి పూర్తి తెలుపు, ఒకసారి పూర్తి నలుపు, ఒకసారి బూడిద రంగు పెట్టించి చుక్కలు, నిలువు చారలు ఉన్నాయేమో చూడండి. ప్లేస్టేషన్ కూడా అతని ముందే తగిలించి 4కె 120 వస్తోందని చూసుకున్నాకే సంతకం పెట్టండి. బల్ల వెడల్పు కూడా ఇప్పుడే కొలవండి, కొన్ని 55 అంగుళాల టీవీలకు కాళ్లు రెండు చివరలా ఉంటాయి, నాలుగడుగుల బల్ల చాలదు.

మారతహళ్లి వాసి (సోమవారం, రాత్రి 9:58)

కొలిచాను. బల్ల నాలుగున్నర అడుగులు, టీవీ కాళ్ల మధ్య దూరం కంపెనీ సైటులో చూస్తే మూడడుగుల ఎనిమిది అంగుళాలు. సరిపోతుంది. గురువారం సాయంత్రం రంధ్రం సెట్టింగు మార్చాక తమ్ముడే ఇక్కడ రాస్తాడు.